ఆకలికి ఐదు మెట్లు

దీపావళి దాటితే కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ఊళ్లు పలచబడతాయి. కోసిగి, కౌతాళం, మంత్రాలయం వైపు వెళ్తే తలుపులకు తాళాలు, అరుగుల మీద ముసలివాళ్లు కనిపిస్తారు. చేతనైనవాళ్లంతా పిల్లల్ని చంకనేసుకుని, వంట సామాను మూటగట్టుకుని గుంటూరు వైపు పత్తి తీతకు, మిరప కోతకు పోయుంటారు. దీన్ని అక్కడ సుగ్గికి పోవడం అంటారు. కన్నడంలో సుగ్గి అంటే పంట చేతికొచ్చే కాలం. సొంత చేలో పంట లేక ఇంకొకరి పంట కోయడానికి పోతున్నా మనవాళ్లు ఆ మాటే వాడతారు.

తాళం వేసిన ఆ ఇల్లు ఆకలితో ఉన్నట్టా, కాదా?

తహశీల్దారు ఆఫీసులో అడిగితే ఎన్ని మిల్లీమీటర్ల వాన తక్కువ పడిందో చెబుతారు. వ్యవసాయ శాఖలో ఎన్ని ఎకరాల్లో పైరు ఎండిందో చెబుతారు. రేషన్ డీలరు, కార్డున్న అందరికీ బియ్యం ఇచ్చేశామంటాడు. అంగన్‌వాడీ టీచర్ రిజిస్టర్ తెరిచి, ఫలానా పిల్లల బరువు పెరగడం లేదని చూపిస్తుంది. ఊరి పెద్దమనిషి, వీళ్లు ఏటా పోయేదే కదా అంటాడు. అందరూ చెప్పేది నిజమే. అన్నీ కలిపి ఆ ఊరి పరిస్థితి ఎంత చెడ్డదో, ఎంత త్వరగా కదలాలో చెప్పేవాళ్లు మాత్రం ఉండరు.

ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. ఇరవై ఏళ్ల కిందట సోమాలియాలో ఎన్నో సంస్థలు ఆకలి మీద పనిచేసేవి. ఒకరు ధాన్యం ధరలు చూసేవాళ్లు, ఇంకొకరు పశువుల స్థితి, మరొకరు పిల్లల బరువులు. ఒక్కొక్కరి మాటకు ఒక్కో అర్థం. ఒకరి 'తీవ్రం' ఇంకొకరికి 'మామూలు'. సాయం డబ్బు ముందు ఏ జిల్లాకు పంపాలో తేల్చడానికి ఒకే కొలత కావాలి. అక్కడ ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ నడిపిన విశ్లేషణ విభాగం 2004లో ఒక పట్టిక తయారు చేసింది. అదే పెరిగి పెద్దదై ఇప్పుడు ముప్పైకి పైగా దేశాల్లో వాడుకలో ఉంది. దాని పేరును తెలుగులో 'సమీకృత ఆహార భద్రత దశల వర్గీకరణ' అనొచ్చు. పొడి అక్షరాల్లో ఐపీసీ. మనకు ఐపీసీ అనగానే పాత శిక్షాస్మృతి గుర్తొస్తుంది, దానికీ దీనికీ సంబంధం లేదు.

ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆహార కార్యక్రమం, యూనిసెఫ్, అమెరికా నిధులతో నడిచే ఫ్యూస్‌నెట్ అనే ముందస్తు హెచ్చరికల వ్యవస్థ, సేవ్ ద చిల్డ్రన్, ఆక్స్‌ఫామ్, కేర్ లాంటివన్నీ ఇందులో భాగస్వాములు. ప్రతి దేశంలో ప్రభుత్వ శాఖలవాళ్లు, ఈ సంస్థల నిపుణులు, స్వచ్ఛంద సంస్థలవాళ్లు కలిసి ఒక సాంకేతిక బృందంగా కూర్చుంటారు. లెక్క కట్టేది ఏదో ఒక సంస్థ కాదు, ఆ బృందమే.

వాళ్లు వాడే పట్టికలో ఐదు దశలున్నాయి. వాటిని నిర్వచనాలుగా చదివితే బుర్రకెక్కదు. మన దగ్గరి ఒక కుటుంబాన్ని ఊహించుకుని చూద్దాం. పత్తికొండ వైపు నాలుగెకరాల మెట్ట, వేరుశనగ సేద్యం, ఒక జత ఎద్దులు, ఒక పాడిగేదె, ఇద్దరు పిల్లలు, ఒక ముసలమ్మ.

మంచి ఏడాదిలో జొన్న రొట్టె, సంగటి, పప్పు, అప్పుడప్పుడు గుడ్డు తింటారు. పిల్లల స్కూలు ఖర్చు, మందుల ఖర్చు ఎవరి ముందూ చేయి చాచకుండా గడుస్తుంది. ఇది మొదటి దశ. మ్యాపులో లేత ఆకుపచ్చ రంగు వేస్తారు.

వాన తప్పింది. తిండికి ఇంకా లోటు రాలేదు, కానీ ఎరువుల అప్పు తీర్చలేదు. ఇంటామె కమ్మలు కుదువకు పోయాయి. ముసలమ్మ కంటి ఆపరేషన్ వచ్చే ఏడాదికి వాయిదా పడింది. పైకి చూస్తే ఇల్లు బాగానే ఉన్నట్టుంటుంది. ఇది రెండో దశ, పేరు 'ఒత్తిడి', రంగు పసుపు.

రెండో ఏడాదీ వాన లేదు. ఇప్పుడు ఎద్దులు సంతకు పోయాయి. విత్తనానికని దాచిన కాయలు ఒలుచుకుని తిన్నారు, లేదా అమ్ముకున్నారు. పెద్దపిల్లను బడి మాన్పించారు. ఈ ఇంట్లో పొయ్యి రోజూ వెలుగుతూనే ఉండొచ్చు, అయినా ఇది మూడో దశే. ఎందుకంటే రేపటి సేద్యాన్ని అమ్ముకుని ఇవాళ తింటున్నారు. పేరు 'సంక్షోభం', రంగు నారింజ. నా మటుకు ఈ వర్గీకరణ మొత్తంలో ఎక్కువ ఆలోచించి రాసిన భాగం ఇదే. ఆకలిని కంచంలోనే కాకుండా పశువుల కొట్టంలో, విత్తనాల గాదెలో కూడా వెతకమంటుంది. ఎద్దుల్ని అమ్మిన రైతుకు వచ్చే ఏడాది మంచి వాన పడినా దున్నడానికి ఏమీ ఉండదు. అందుకే సాయం తప్పనిసరిగా అందాల్సిన గీత మూడో దశ దగ్గరే గీశారు.

నాలుగో దశలో పాడిగేదె పోయింది, భూమి అమ్మకానికి వచ్చింది, కుటుంబం అడుక్కోవడానికి సిద్ధపడింది. అంత చేసినా తిండిలో పెద్ద లోటు. పిల్లలు చిక్కిపోతారు, మరణాలు మామూలు కన్నా పెరుగుతాయి. పేరు 'అత్యవసరం', రంగు ఎరుపు. ఐదో దశలో అమ్మడానికి ఏమీ మిగలదు, తినడానికి దాదాపు ఏమీ ఉండదు. రంగు ముదురు ఎరుపు.

పేపర్లలో ఎక్కువగా తారుమారయ్యేది ఈ ఐదో దశ దగ్గరే. ఒక కుటుంబం ఆ స్థితికి చేరితే దాన్ని మహావిపత్తు అంటారు. ఒక ప్రాంతం మొత్తం చేరితేనే 'క్షామం' అనే మాట వాడతారు. అంటే క్షామం ప్రకటించని చోట కూడా వేల కుటుంబాలు ఐదో దశలో ఉండొచ్చు. 'క్షామం లేదు' అన్న వార్త చదివి ఆకలి చావులు లేవనుకుంటే తప్పే.

సరే, ఏ కుటుంబం ఏ దశలో ఉందో ఎలా తెలుస్తుంది? ఇంటికి వెళ్లి 'మీరు ఆకలితో ఉన్నారా' అని అడిగితే జవాబు రాదు. మా అవ్వ 1952 కరువులో గంజి కేంద్రం ముందు చెంబు పట్టుకుని వరసలో నిలబడింది. ఆ సంగతి మాకు తెలిసింది ఆమె చెల్లెలి నోట. అవ్వను ఎప్పుడడిగినా 'మాకేం తక్కువ నాయనా' అనేది. పరువున్న మనిషి ఆకలిని ఒప్పుకోదు. అందుకే సర్వే ప్రశ్నలు ఆకలి గురించి కాకుండా, ఇంట్లో ఏం చేశారన్న దాని గురించి ఉంటాయి.

ఒక ప్రశ్నావళి గడిచిన ఏడు రోజుల గురించి ఐదు సంగతులు అడుగుతుంది. మామూలుగా తినేది మాని చవకైనది ఎన్ని రోజులు తిన్నారు? ఎన్ని రోజులు తిండి అప్పు తెచ్చుకున్నారు, లేదా బంధువుల మీద ఆధారపడ్డారు? ఎన్ని రోజులు కంచంలో తగ్గించి పెట్టుకున్నారు? ఎన్ని రోజులు పెద్దవాళ్లు తగ్గించుకుని పిల్లలకు పెట్టారు? ఎన్ని రోజులు పూటలు తగ్గించారు? ఒక్కో సంగతికి దాని తీవ్రతను బట్టి 'బరువు' అనే ఒక అంకె ఉంటుంది, రోజుల సంఖ్యను దానితో హెచ్చిస్తారు. అప్పుకు బరువు 2, పెద్దవాళ్లు కడుపు మాడ్చుకున్న రోజులకు 3, మిగతా వాటికి ఒక్కొక్కటి. మన పత్తికొండ కుటుంబం ఐదు రోజులు చవక తిండి, రెండు రోజులు అప్పు, మూడు రోజులు తక్కువ వడ్డన, మూడు రోజులు తల్లి సగం కడుపు, ఒక రోజు ఒక పూట మానేయడం అని చెప్పిందనుకుందాం. ఐదు, నాలుగు, మూడు, తొమ్మిది, ఒకటి. మొత్తం 22. మూడు దాకా మొదటి దశ, 4 నుంచి 18 వరకు రెండో దశ, 19 గానీ ఆపైన గానీ వస్తే మూడు లేదా అంతకన్నా చెడ్డది. తల్లి మాడ్చుకున్న మూడు రోజులే ఈ ఇంటిని గీత దాటించాయి చూడండి. ఇంట్లో తిండి తగ్గితే ముందు తగ్గేది ఆడమనిషి కంచంలోనే అని మనందరికీ తెలుసు. ఆ తెలిసినదానికి అంకెల్లో ఎక్కువ బరువు ఇచ్చారు.

ఇంకొకటి కంచంలో ఏముందో చూస్తుంది. వారంలో ఎన్ని రోజులు ఏ రకం తిన్నారో రాసుకుంటారు. బియ్యం, జొన్న, రాగి లాంటి వాటికి రోజుకు 2, పప్పులకు 3, కూరగాయలకు 1, పండ్లకు 1, మాంసం, చేప, గుడ్లకు 4, పాలకు 4, నూనెకు, చక్కెరకు చెరో అర. రోజూ అన్నమో సంగటో తిని, రెండు రోజులు పప్పు, నాలుగు రోజులు కూర, రోజూ కాస్త నూనె, టీలో చక్కెర ఉన్న ఇంటికి 14, 6, 4, మూడున్నర, మూడున్నర, వెరసి 31. టీలో పోసిన చుక్క పాలను పాల కింద రాయకూడదని సర్వే చేసేవాళ్లకు ముందే చెబుతారు. నూనె, చక్కెర రోజూ వాడే సమాజాల్లో 28 దాకా పేలవం, 42 దాకా అంతంత మాత్రం, ఆపైన ఫరవాలేదు. ఈ ఇల్లు మధ్య గడిలో ఉంది. వారానికి మూడు రోజులు గుడ్డు చేరిస్తే 43 అయి పై గడిలోకి వెళ్తుంది. కడుపు నిండా అన్నం తినే ఇల్లు కూడా ఈ లెక్కలో వెనకబడొచ్చన్నమాట. రాయలసీమలో ఇప్పుడున్న సమస్య చాలావరకు ఇదే: కడుపు నిండుతుంది, ఒంటికి పట్టదు.

మూడో ప్రశ్నావళిలో మూడే ప్రశ్నలు, గడిచిన నెల గురించి. ఇంట్లో తినడానికి అసలేమీ లేని రోజు ఉందా? ఎవరైనా ఆకలితో పడుకున్నారా? పగలూ రాత్రీ ఏమీ తినకుండా గడిపారా? ఎన్నిసార్లు అన్నదాన్ని బట్టి 0 నుంచి 6 దాకా మార్కులు వేస్తారు. నాలుగు వస్తే నాలుగో దశ, ఐదారు వస్తే ఐదో దశ. వీటికి తోడు ఇంట్లో ఏమేం అమ్మారు, ఏం కుదువ పెట్టారు అన్నది వేరుగా అడుగుతారు.

ఇక పిల్లలు. అంగన్‌వాడీలో దండ చుట్టూ చుట్టే రంగుల టేపు చాలామంది చూసే ఉంటారు. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల దండ చుట్టుకొలత 125 మిల్లీమీటర్ల లోపు ఉంటే తీవ్ర పోషణ లోపం కింద లెక్క. 115 లోపు ఉంటే ప్రాణాపాయం. పొడుగుకు తగ్గ బరువు ఉందా అన్నది ఇంకా నమ్మకమైన కొలత. పోషణకు ఐపీసీలో వేరే పట్టికే ఉంది. ఆ కొలతతో తూచినప్పుడు చిక్కిపోయిన పిల్లలు నూటికి ఐదుగురి లోపు ఉంటే మొదటి దశ, పది లోపు రెండు, పదిహేను లోపు మూడు, ముప్పై లోపు నాలుగు, ముప్పై దాటితే ఐదు. ఏళ్ల తరబడి ఉండే లోటుకు, అంటే దీర్ఘకాలిక ఆహార అభద్రతకు, మూడో పట్టిక ఉంది. దానికి నాలుగు మెట్లే. కాబట్టి ఎవరైనా 'ఫలానా చోటు మూడో దశ' అంటే ఏ పట్టికలో అని ముందు అడగాలి.

ప్రాంతానికి రంగు వేయడానికి నియమం ఒకటే. నూటికి కనీసం ఇరవై మంది ఒక దశలో గానీ అంతకన్నా చెడ్డ దశలో గానీ ఉంటే ఆ ప్రాంతం మొత్తానికి ఆ రంగు పడుతుంది. అంటే నారింజ రంగు పడిన జిల్లాలో ఎనభై శాతం మంది బాగానే ఉండొచ్చు. పసుపు రంగు పడిన చోట పంతొమ్మిది శాతం మంది సంక్షోభంలో ఉండొచ్చు. మ్యాపు చూసి ఊరుకోకుండా దాని పక్కన రాసిన జనం సంఖ్య కూడా చదవాలని ఈ పని చేసేవాళ్లు పదేపదే చెప్పేది అందుకే.

క్షామం అనడానికి గీతలు ఇంకా కఠినం. నూటికి ఇరవై కుటుంబాలకు తిండి దాదాపు లేకుండా పోవాలి. ఐదేళ్ల లోపు పిల్లల్లో నూటికి ముప్పై మంది చిక్కిపోయి ఉండాలి. ప్రతి పదివేల మందిలో రోజుకు ఇద్దరు ఆకలితోనో, ఆకలికి తోడైన జబ్బుతోనో చనిపోతూ ఉండాలి. ఆ 'ఇద్దరు' అన్న మాట చిన్నగా కనిపిస్తుంది. అరవై వేల జనాభా ఉన్న మండలం అనుకోండి. మామూలు రోజుల్లో మన దగ్గర అంత జనాభాలో రోజుకు ఇంచుమించు ఒకరు పోతారు. క్షామం గీత దగ్గర రోజుకు పన్నెండు మంది. నెలకు మూడు వందల అరవై. ప్రతి ఊళ్లో రోజూ పాడె లేస్తుంటే తప్ప ఆ మాట వాడరు.

అందుకే ఆ మాట చాలా అరుదు. దక్షిణ సోమాలియాలో 2011 జూలైలో, దక్షిణ సూడాన్‌లో 2017 ఫిబ్రవరిలో, సూడాన్‌లోని జమ్‌జమ్ శిబిరంలో 2024 ఆగస్టులో, గాజాలో 2025 ఆగస్టులో వాడారు. ఇంత పెద్ద మాటను దేశ స్థాయి బృందం ఒక్కటే తేల్చదు. ఆధారాలు ఆ గీతకు దగ్గరగా వస్తే, బయటి నిపుణులతో ఉన్న క్షామ సమీక్షా సంఘం ఆ లెక్కలన్నీ మళ్లీ తిరగేస్తుంది. ఆధారాలు పూర్తిగా దొరకని చోట, యుద్ధం వల్ల సర్వేకు దారి లేని చోట ఏం చేయాలన్న దానికీ నియమాలున్నాయి. మూడు గీతల్లో రెండు దాటినట్టు స్పష్టంగా తేలి, మూడోదీ దాటి ఉంటుందని నిపుణులు తగిన కారణాలతో నిర్ధారించగలిగితే క్షామంగా వర్గీకరించవచ్చు.

బృందం కూర్చున్నప్పుడు జరిగే పనిని మన పంచాయితీతో పోల్చొచ్చు. ఓట్లు వేసి తేల్చరు, అందరూ ఒప్పుకునే దాకా మాట్లాడుకుంటారు. ధరల లెక్క ఒకటి చెబితే, పిల్లల బరువు ఇంకొకటి చెబుతుంది. అప్పుడు ఏ సర్వే ఎప్పుడు జరిగింది, ఎంతమందిని అడిగారు, కోతల ముందా తర్వాతా అన్నది చూసి ఏ ఆధారానికి ఎంత విలువ ఇవ్వాలో నిర్ణయిస్తారు. ఫార్ములాలో అంకెలు వేస్తే దశ బయటికి వచ్చే యంత్రం కాదిది. ఏ ఒక్క అంకెకూ తుది తీర్పు చెప్పే హక్కు లేదు. ఆధారాలు బలహీనంగా ఉంటే ఆ సంగతి కూడా మ్యాపు పక్కన నక్షత్రాలతో చూపించాలి. ఇప్పటి పరిస్థితితో పాటు రాబోయే నెలల అంచనా కూడా వేరుగా ఇస్తారు. సాయం అందడం వల్లనే ఒక మెట్టు మెరుగ్గా నిలబడిన ప్రాంతానికి ఆశ్చర్యార్థకం గుర్తు పెడతారు. నాకు ఆ గుర్తు చాలా ముఖ్యం అనిపిస్తుంది. రేషన్ బియ్యం వస్తున్నాయి కాబట్టి ఆకలి లేదు, ఆకలి లేదు కాబట్టి బియ్యం ఎందుకు అనే వాదన మనం వినేదే. ఆ గుర్తు దానికి జవాబు.

ఇందులో లోపాలు లేవని కాదు. ప్రభుత్వం కూడా బల్ల దగ్గరే కూర్చుంటుంది కాబట్టి ఒత్తిళ్లుంటాయి. సూడాన్ ప్రభుత్వం 2024 డిసెంబరులో ఈ ప్రక్రియ నుంచి తప్పుకుంది. డబ్బు ఆగితే లెక్కలే ఆగుతాయి. అమెరికా సాయం నిలిచిపోయినప్పుడు 2025 మొదట్లో ఫ్యూస్‌నెట్ వెబ్‌సైట్ కొన్ని నెలలు మూతపడింది. అన్నిటికన్నా పెద్ద బాధ ఆలస్యం. సోమాలియా గురించి 2010 చివరి నుంచే హెచ్చరికలు వచ్చాయి. సాయం కదిలింది 2011 జూలైలో క్షామం ప్రకటించాక. ఆ విపత్తులో దాదాపు రెండున్నర లక్షల మంది చనిపోయారని తర్వాత లెక్క తేలింది, అందులో సగం మంది ఐదేళ్ల లోపు పిల్లలు. ఆ మరణాల్లో పెద్ద భాగం ప్రకటనకు ముందే జరిగిపోయింది. మూడో దశ దగ్గరే కదలండి అని పట్టిక చెబుతుంటే, లోకం ఐదో దశ కోసం ఎదురు చూసింది.

ఈ మెట్ల ఆలోచన మన నేలకు కొత్త కాదు. ఇది చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ధాత కరువు. 1876 నుంచి 78 దాకా మద్రాసు, మైసూరు, బొంబాయి ప్రాంతాలను ఊడ్చేసిన ఆ కరువులో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు నలిగిపోయాయి. అనంతపురం అప్పటికి బళ్లారిలో భాగం. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా జనం దాదాపు నాలుగో వంతు తగ్గిపోయారు. ఖర్చు తగ్గించాలని వచ్చిన రిచర్డ్ టెంపుల్ అనే అధికారి కరువు పనుల్లో కూలికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ అది మనిషిని నిలబెట్టదని గట్టిగా వాదించాడు. ఎంత తింటే మనిషి బతుకుతాడన్న తగువు ఆనాడే, మన కరువు పనుల దగ్గరే మొదలైంది.

ఆ చావుల తర్వాత 1880లో క్షామ కమిషన్ నివేదిక, ఆ వెంటనే ఫామిన్ కోడ్‌లు, అంటే కరువొస్తే ఏం చేయాలో చెప్పే నియమావళులు వచ్చాయి. ధరలు పెరగడం, షావుకార్లు అప్పు ఆపేయడం, జనం దిక్కు తెలియక ఊళ్లు పట్టి తిరగడం, దొంగతనాలు పెరగడం లాంటి గుర్తులు కనిపిస్తే కలెక్టరు పరీక్ష పనులు తెరవాలి. తక్కువ కూలికి రాళ్లు కొట్టడానికి కూడా జనం వస్తే కష్టం నిజమేనని లెక్క. లోటు, ఆ తర్వాత క్షామం అని దశలు అందులోనే ఉన్నాయి. అది దయలేని కొలతే, అయినా ముందస్తు గుర్తుల్ని రాతలో పెట్టిన తొలి ప్రయత్నాల్లో ఒకటి. దాన్ని పక్కన పెడితే ఏమవుతుందో కూడా చూశాం. 1943లో బెంగాల్‌లో లక్షల మంది చనిపోతున్నా అక్కడి ప్రభుత్వం ఆ కోడ్ కింద క్షామం ప్రకటించలేదు. ప్రకటిస్తే తిండి పెట్టాల్సిన బాధ్యత మీద పడుతుంది మరి.

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో మొదలైంది. మన పల్లెల్లో ఆ పనిని ఇప్పటికీ కరువు పని అనే పిలుస్తారు. ఆ పాత కరువుల నాటి మాట అలాగే నిలిచిపోయింది.

భారతదేశంలో ఐపీసీ పద్ధతి అమల్లో లేదు. మన దగ్గర కరువు మండలం అని ప్రకటించడానికి 2016 నాటి కేంద్ర కరువు నిర్వహణ మాన్యువల్ ఉంది. ముందు వాన లోటు చూస్తారు. తర్వాత సాగు విస్తీర్ణం, ఉపగ్రహ చిత్రాల్లో పైరు పచ్చదనం, నేలలో తేమ, చెరువులు, రిజర్వాయర్లు, భూగర్భ జలం చూస్తారు. చివరికి కొన్ని ఊళ్లలో పొలాల్లోకి దిగి సరిచూస్తారు. ఆకాశం నుంచి భూమి అడుగు దాకా కొలుస్తారు, కానీ ఆ కొలతల్లో పిల్లల బరువు లేదు. పిల్లల బరువు ఇంకో శాఖ చూసుకుంటుంది. ఆ శాఖ లెక్కలో వాన లేదు, ఎద్దుల సంత లేదు.

వేరువేరుగా ఉంచితే అంకెలు ఎలా తికమక పెడతాయో ఒక ఉదాహరణ. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21లో జరిగింది. దాని ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్ల లోపు పిల్లల్లో 16.1 శాతం మంది పొడుగుకు తగ్గ బరువు లేనివాళ్లు. ఐపీసీ పోషణ పట్టికలో పెడితే అది నాలుగో గడి. మరి మన రాష్ట్రం అత్యవసర స్థితిలో ఉందా? ఆహార పట్టికలో అలా తేలదు. ఇళ్లలో తిండి పూర్తిగా లేకపోవడం గానీ, క్షామం నాటి మరణాలు గానీ లేవు. అది అన్ని జిల్లాల, అన్ని కాలాల సగటు కూడా. అలాగని అది తేలిగ్గా తీసుకునే అంకె కాదు. అదే సర్వేలో ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత. రక్తం లేని తల్లికి తక్కువ బరువుతో పుట్టిన బిడ్డ, విరేచనాలు, శుభ్రత లేని నీళ్లు, రోజూ ఒకే రకం తిండి, ఇవన్నీ కలిసి ఆ అంకె తయారవుతుంది. బియ్యం ఇంకో ఐదు కిలోలు ఇస్తే అది తగ్గదు. ఇది ఏళ్ల తరబడి ఉన్న లోటు. వాన తప్పిన ఏడాది దాని మీద ఇంకో లోటు వచ్చి పడుతుంది. రెండిటినీ విడదీసి చెప్పాలంటే వానల లెక్క, ఇంటి లెక్క, పిల్లల లెక్క ఒకే బల్ల మీదికి రావాలి.

అంత పెద్ద ఏర్పాటేమీ అక్కర్లేదని నా ఉద్దేశం. మండల స్థాయిలో ఏటా రెండుసార్లు, సుగ్గికి పోయే ముందు ఒకసారి, తిరిగొచ్చాక ఒకసారి, తహశీల్దారు, వ్యవసాయాధికారి, అంగన్‌వాడీ సూపర్‌వైజర్, ఏఎన్ఎం, పొదుపు సంఘాల ఆడవాళ్లు కూర్చుంటే చాలు. చాలా సమాచారం వాళ్ల దగ్గర ఇప్పటికే ఉంది. సంతలో ఎద్దుల ధర ఎప్పుడు పడిపోయిందో, కమ్మలు ఎక్కడ కుదువకు పోయాయో సంఘం లీడర్లకు తెలిసినంతగా ఏ సర్వేకూ తెలియదు.

ఆ బల్ల దగ్గర మొదట తేలాల్సిన సంగతి ఒకటుంది. సుగ్గికి పోయిన ఇంటి బిడ్డ బరువు ఆ మూడు నాలుగు నెలలు సొంత ఊరి రిజిస్టర్లో ఉండదు. గుంటూరు చేల పక్కన టార్పాలిన్ పట్టాల కింద పడుకునే బిడ్డను అక్కడి కేంద్రానికి తీసుకెళ్లి తూచాలంటే ఆ తల్లికి ఒక పూట కూలి పోతుంది. ఐపీసీ బృందాలు లెక్క లేని చోట అంతా బాగుందని రాసుకోవు, ఆధారం లేదని రాసి దాన్ని సంపాదించే దారి వెతుకుతాయి. కోసిగి పిల్లలు ఊళ్లో లేని ఆ నెలల లెక్క ఎవరు తెస్తారన్నది ముందు అడగాలి.